సమ్మక్క ఎవరి కోడలు? – మేడారం సాహిత్యంపై కొన్ని ప్రశ్నలు

1

రెండేండ్లకోసారి మాఘమాసం దగ్గరపడుతుండగానే మేడారం మీద కవితలు, పాటలు, ప్రత్యేక వ్యాసాలు వెల్లువెత్తుతాయి. వాటిలో ఎక్కువ భాగం భక్తి సాహిత్యం. దాన్ని గురించి ఇక్కడ చర్చించబోవడం లేదు. తమది అభ్యుదయ దృక్పథమని నమ్మే రచయితలు, అంటే మనవాళ్ళు, మేడారాన్నీ దాని చుట్టూ ఉన్న కోయ గూడేలనూ సాహిత్య వస్తువుగా ఎలా స్వీకరించారు, ఆ స్వీకరణలో ఏం వదిలేశారు అన్నదే ఈ వ్యాసం పట్టించుకునే ప్రశ్న.

మనకు అలవాటైన చట్రం ఒకటుంది. ఒకవైపు అడవి, పురాగాథ, ఇలవేల్పు, డోలు చప్పుడు. రెండోవైపు తారురోడ్డు, బస్సులు, సెల్‌ఫోన్ టవరు, ప్లాస్టిక్ చెత్త. ఈ రెంటి నడుమ నలిగిపోతున్న గూడెం. కవి భావుకుడైతే మొదటిదాని కోసం కన్నీరు పెడతాడు. హేతువాది అయితే రెండోదానికి స్వాగతం చెబుతాడు. ఇద్దరూ అంగీకరించే విషయం ఒకటే: పాత గాథ ఒక కాలానికి చెందినది, నేటి మార్పు మరో కాలానికి చెందినది, వాటికి పొత్తు కుదరదు. నేను కూడా ఈ చట్రంలోనే రాశాను. పదేళ్ళ క్రితం ఒక ప్రత్యేక సంచికకు రాసిన వ్యాసంలో ‘పురాగాథకూ ప్రగతికీ మధ్య మేడారం’ అని ఉపశీర్షిక కూడా పెట్టాను. ఆ వ్యాసాన్ని మిత్రులు మెచ్చుకున్నారు.

ఆ చట్రం సరైనది కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. అలా అనుకోవడానికి కారణం ఏ సిద్ధాంత గ్రంథమూ చదివినందువల్ల కలిగిన జ్ఞానోదయం కాదు. మా బడిలో తొమ్మిదో తరగతి చదివిన ఒక కోయపిల్ల రాసిన పేజీన్నర వ్యాసం. దాని దగ్గరికి వస్తాను. అంతకుముందు మనం ఏ కథ గురించి మాట్లాడుతున్నామో చూసుకోవడం అవసరం.

2

అచ్చులో స్థిరపడిన కథ క్లుప్తంగా ఇది. వేటకు వెళ్ళిన కోయదొరలకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిబిడ్డ దొరికింది. ఆమే సమ్మక్క. పెరిగి పెద్దదై పగిడిద్దరాజును పెళ్ళాడింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న వారి సంతానం. గోవిందరాజు సారలమ్మ భర్త. మేడారాన్ని ఏలుతున్న పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడు. కరువు వచ్చి కప్పం కట్టలేకపోయాడు. ప్రతాపరుద్రుడు (పాలన 1289–1323) సేనను పంపాడు. సంపెంగ వాగు దగ్గర జరిగిన పోరులో పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు నేలకొరిగారు. జంపన్న వాగులో దూకి ప్రాణం విడిచాడు, అది జంపన్నవాగయింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు సాగి మాయమైంది. వెదుకుతూ వెళ్ళిన కోయలకు నాగవృక్షం దగ్గర కుంకుమభరిణె దొరికింది.

కాకతీయుల కాలం శాసనాలకు కొదువ లేని కాలం. పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 1213 నాటి శాసనం ఉంది. 2021లో ఆ గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. ప్రతాపరుద్రుని కీర్తిని నిలపడానికి విద్యానాథుడు ఆయన పేరు మీద ఒక అలంకార గ్రంథమే రాశాడు. ఆ రామప్ప ఉన్న ములుగు జిల్లాలోనే ఉన్న మేడారంలో జరిగిందని చెప్పే యుద్ధానికి మాత్రం నేను చదివిన శాసనాల్లో ఆధారం కనిపించలేదు. ఆ కథ నిలిచింది నోటి మాటలో, కొలుపులో, పడిగెల మీది బొమ్మల్లో.

నోటి మాటలో నిలిచింది కనుకనే అది ఒకటిగా లేదు. సమ్మక్క పుట్టిల్లు కరీంనగరం వైపు పొలవాస అని కొందరంటారు. బయ్యక్కపేట అని మరికొందరంటారు. డోలి కోయలు పడిగెను విప్పి పాడే కథలోని వంశక్రమం కరపత్రాల్లోని వంశక్రమంతో సరిపోలదు. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు ఆ పడిగె కథలను సేకరించి అచ్చులోకి తెచ్చేవరకు చదువుకున్నవాళ్ళకు ఈ తేడా ఉందన్న సంగతే తెలియదు. మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య ఈ గాథను కోయలోనూ తెలుగులోనూ పాడగలిగినవాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశాడు. ఆయన వంటివాళ్ళు పోయినప్పుడు సంతాప సభలు పెడతాం. ఆయన పాడిన కథకూ మన పాఠ్యపుస్తకాల కథకూ ఉన్న తేడా ఏమిటని అడగం.

3

ఈ కథను మన సాహిత్యం మూడు విధాలుగా చదివింది.

మొదటిది హేతువాద పఠనం. బెల్లాన్ని బంగారమని పిలిచి తూకమేసి సమర్పించడం, శివసత్తుల పూనకాలు, కోళ్ళు, మేకలు – ఇవన్నీ మౌఢ్యమని ఆ పఠనం చెబుతుంది. జాతరలో వ్యాపారం, సారా, తొక్కిసలాట గురించి అది చేసిన హెచ్చరికల్లో నిజం లేకపోలేదు. కాని విగ్రహం లేని, వేదమంత్రం లేని, బ్రాహ్మణ పూజారి లేని ఒక కొలుపును, గుళ్ళూ గోపురాలూ ఉన్న మతానికి వాడిన కొలబద్దతోనే కొలవడం దాని ప్రధాన లోపం.

రెండోది పోరాట పఠనం. కప్పం కట్టనని ఎదిరించిన కోయరాణి ప్రజాపోరాటాలకు ఆదిరూపమైంది. పాలకుర్తిలో దొరను ఎదిరించి భూమి నిలుపుకున్న చాకలి ఐలమ్మ సరసన, జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగిన కొమరం భీం సరసన సమ్మక్కను నిలబెట్టాం. ప్రత్యేక తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ పఠనం మరింత బలపడింది. ఇది చేసిన మేలు తక్కువది కాదు. భక్తి కప్పేసిన రాజకీయాన్ని ఇది బయటికి తీసింది. కథలో కరువు ఉందని, పన్ను ఉందని, సైన్యం ఉందని గుర్తు చేసింది.

అయితే ఈ పఠనంలో ఒక యాంత్రికత ఉంది. సమ్మక్క ఒక ప్రతీక అయిన క్షణం నుంచి ఆమె ఊరు మనకు అక్కరలేకుండా పోతుంది. ఈ వస్తువు మీద నేను చదివిన కవితల్లో చాలావాటిలో సమ్మక్క పేరు తీసేసి మరో వీరవనిత పేరు పెడితే ఒక్క పంక్తి కూడా మార్చనవసరం లేదు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమరం భీం’ నవల (1983) దీనికి మంచి పోలిక. అక్కడ భీం నినాదం కాదు. అడవిలో దున్నిన చెలక, ఆ చెలక మీదికి వచ్చిన అధికారి, గూడెంలో జరిగిన మంతనం – ఇవన్నీ కలిసి ఒక మనిషిని పోరాటంలోకి నెట్టిన తీరును ఆ నవల చూపుతుంది. మేడారం విషయంలో మనం ఆ శ్రమ పడలేదు. సిద్ధంగా ఉన్న ప్రతీకను తీసుకున్నాం.

మూడోది విలాప పఠనం. ఇటీవల ఎక్కువగా వస్తున్నది ఇదే. 1940ల దాకా చిలకలగుట్ట దగ్గర కోయలే జరుపుకున్న కొలుపు. 1960ల చివర దేవాదాయ శాఖ పర్యవేక్షణలోకి వెళ్ళిన జాతర. 1996లో రాష్ట్ర పండుగ. ఇప్పుడు కోటికి పైగా జనమని అధికారుల అంచనా. 2026 జనవరి జాతర ముందు గద్దెల ప్రాంగణాన్ని రాతితో పునర్నిర్మించే పని – ఈ క్రమాన్ని ఒక పతనగాథగా చెప్పి, అడవితల్లి కంట నీరు పెట్టించి ముగించడం దీని పద్ధతి. నా పాత వ్యాసం ఈ కోవలోనిదే.

మూడింటికీ సమానమైన లక్షణం ఒకటుంది. మూడూ మేడారాన్ని వరంగల్ నుంచి వచ్చే బస్సు కిటికీలోంచి చూశాయి.

4

ఇప్పుడు ఆ పిల్ల వ్యాసం సంగతి.

2024 ఫిబ్రవరి జాతరకు ముందు, సంక్రాంతి సెలవులకు ఇంటిపనిగా ‘మా ఊరి జాతర’ అన్న అంశం ఇచ్చాను. మా బడి మహబూబాబాద్ జిల్లా ఏజెన్సీలో ఉంది. మానుకోట నుంచి గూడూరు, కొత్తగూడ మీదుగా గంగారం వైపు పోయే దారి. గంగారం మండలంలోని పూనుగొండ్ల నుంచే జాతరకు పగిడిద్దరాజు బయలుదేరుతాడు. పెనక వంశపు పూజారులు ఆయన్ని పెళ్ళికొడుకుగా సిద్ధం చేసి, పడిగెతో, డోళ్ళతో అడవి దారిన కాలినడకన మేడారం తీసుకుపోతారు. అలాగే కొండాయి నుంచి గోవిందరాజు, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తారు. వాళ్ళు గద్దెలకు చేరిన మరునాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. ఆ పిల్లది పూనుగొండ్లకు దగ్గరి గూడెం.

మిగతా పిల్లలందరూ గైడులో ఉన్నట్టు రాశారు. ఆసియాలోనే అతిపెద్ద గిరిజన జాతర, తెలంగాణ కుంభమేళా, వనదేవతలు. ఆ పిల్ల రాసింది మాత్రం వేరుగా ఉంది. నాకు గుర్తున్నంతవరకు ఇట్లా సాగింది: “మా రాజు పెండ్లికి పోతడు. మేము మగపెండ్లోల్లం. సమ్మక్క మా ఊరి కోడలు. సారక్క మా బిడ్డ. పెండ్లికి బస్సుల పోరు, నడిచే పోతరు. మా నాయిన పోతడు. ఆ దినం అడవిల ఎవ్వరు అడ్డం రారు. వేరే దినం అదే దారిల వెదురు కొట్టుకొస్తె అడుగుతరు. జాతర అయినంక మేము మిరుపతోటకు పోతం. అప్పుడు బడికి రాను.”

నేను ఎర్రసిరా కలంతో ‘కోడలు’ అన్న మాట కొట్టేసి పైన ‘వనదేవత’ అని రాశాను. వెదురు వాక్యం, మిరపతోట వాక్యం పక్కన నిలువు గీత గీసి ‘అప్రస్తుతం’ అని రాశాను. ‘పోరు’, ‘పోతడు’ వంటివన్నీ దిద్దాను. పదికి నాలుగు మార్కులు వేశాను. ఆ పిల్ల మారు మాట్లాడలేదు. ఫిబ్రవరి చివరి నుంచి ఆమె రాసినట్టే బడికి రాలేదు. వార్షిక పరీక్షలకు వచ్చింది, వేళ్ళు మిరప ఘాటుకు మండుతున్నాయని కలం సరిగా పట్టుకోలేకపోయింది. అప్పుడు నాకు ఆ వాక్యం గుర్తొచ్చింది. నేను అప్రస్తుతమన్నది ఆమె తన గైర్హాజరీకి ముందుగా ఇచ్చుకున్న సంజాయిషీ.

విమర్శకుడిగా నా పని పాఠాన్ని చదవడం. ఎదురుగా ఉన్న పాఠాన్ని నేను చదవలేదు.

ఆమె వ్యాసంలో ఏముందో ఇప్పుడు చూద్దాం. అచ్చు కథ పగిడిద్దరాజును మేడారం పాలకుడంటుంది. కొలుపు మాత్రం ఆయన్ని ప్రతిసారీ పూనుగొండ్ల నుంచి నడిపిస్తుంది. మేడారం ఆయన ఊరే అయితే రెండేండ్లకోసారి అడవి దాటి అక్కడికి రావలసిన అవసరమేమిటి? ఇది చరిత్రకారులు తేల్చవలసిన విషయం, నేను తేల్చలేను. కాని ఈ తేడాను గమనించడం సాహిత్య విమర్శ పరిధిలోనిదే. ఆ నడక కూడా ఒక పాఠం. ఏ గూడెం ఏ గూడెంతో వియ్యమందింది, ఏ దారి ఎవరిది, ఏ వాగు దగ్గర ఆగాలి, ఏ ఊరు నీళ్ళిచ్చి ఎదురుకోవాలి అన్న లెక్క అందులో ఉంది. అది ఒక రాజు కథ కన్నా ముందు, చెదిరి ఉన్న అనేక గూడేల మధ్య బంధుత్వ పత్రం.

ఆ పత్రంలో సమ్మక్క స్థానం కోడలు. బయటివాళ్ళకు ఆమె అమ్మ, దేవత, ప్రతీక. మగపెళ్ళివారి ఊరికి ఆమె కోడలు. దేవత దగ్గరికి మొక్కు చెల్లించడానికి వెళ్తాం. కోడలి దగ్గరికి బాధ్యత కొద్దీ వెళ్తాం. ఈ రెండింటికీ తేడా తెలియకుండా మేడారం మీద కవిత్వం రాస్తే అది ఎంత ఆవేశంగా ఉన్నా బయటి కవిత్వమే అవుతుంది.

2026 జనవరి జాతరకు నేనూ ఆ నడకలో కొంత దూరం వెళ్ళాను. సగంలోనే మోకాళ్ళు మొరాయించాయి. పక్కన నడుస్తున్న ఒక పెద్దమనిషిని అడిగాను, “ఇప్పుడు రోడ్డు పడ్డది గదా తాతా, బస్సుల పోతే ఏమైతది?” అని. ఆయన నా వైపు చూడకుండానే చెప్పాడు: “బస్సుల పోతె దారి మరిచిపోతం సారూ.” నేను దాన్ని మొదట భక్తి అనుకున్నాను. ఆ పిల్ల వాక్యంతో కలిపి చదివినప్పుడు అది హక్కు సంగతి అని తెలిసింది. ఏడాది పొడుగునా అడిగేవాళ్ళున్న దారిలో ఎవరూ అడగని రోజులు కొన్ని ఉన్నాయి. ఆ రోజులను వాళ్ళు వదులుకోవడం లేదు. 2016లో వరంగల్ జిల్లా ముక్కలై, 2019లో ములుగు వేరు జిల్లా అయిన తర్వాత పెళ్ళికొడుకు ఊరు ఒక జిల్లాలో, పెళ్ళికూతురి ఊరు మరో జిల్లాలో పడ్డాయి. ఆ నడక ఆ సరిహద్దును పట్టించుకోకుండానే దాటుతుంది.

5

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. నేను కూడా గూడేన్ని మరో రకంగా ఆదర్శీకరిస్తున్నానని, రోడ్డూ బడీ ఆస్పత్రీ అక్కరలేని స్వర్గంగా దాన్ని చూపుతున్నానని మిత్రులు అనవచ్చు. అది నా వాదన కాదు. నాకు తెలిసి రోడ్డు వద్దన్న కోయగూడెం లేదు. వానాకాలంలో వాగు పొంగినప్పుడు నిండుచూలాలిని మంచం మీద మోసుకుపోవలసిన వాళ్ళకు రోడ్డు విలువ మన కవులకన్నా బాగా తెలుసు. ఆ రోడ్డు నాలుగు రోజుల జాతరకు ఎంత వెడల్పుండాలన్న లెక్కతో పడుతున్నదా, మిగతా ఏడు వందల రోజుల కోసం పడుతున్నదా అన్నదే వాళ్ళ ప్రశ్న.

జంపన్నవాగునే తీసుకోండి. వీరుని నెత్తురుతో ఎర్రబడిన వాగుగా అది మన కవిత్వంలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. 2023 జులై చివరి వారంలో అదే వాగు పొంగి గోవిందరాజు ఊరైన కొండాయిని ముంచెత్తింది. ప్రాణాలు పోయాయి. ఇళ్ళు, పంటలు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత వచ్చిన జాతర కవితల్లో కూడా వాగు ఎర్రగానే పారింది. కొండాయి కనిపించలేదు. గాథలోని వాగు, ఊరిలోని వాగు ఒకటే అన్న ఎరుక రచయితకు లేకపోతే, ఎంత గొప్ప ప్రతీక అయినా అది నిజాన్ని కప్పే దుప్పటిగానే మిగులుతుంది.

గాథ ఆగిపోయిన విషయం కూడా కాదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో పెనుగాలికి వేలాది చెట్లు నేలకూలాయి. అదే ఏడాది డిసెంబరు 4న 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి కేంద్రం మేడారం పరిసరాలే. శాస్త్రజ్ఞులు తమ వివరణలు ఇచ్చారు. మా స్టాఫ్‌రూములో మాత్రం అమ్మ అడ్డుపడబట్టే గాలి ఊరి మీదికి రాలేదని ఒకరు, గుట్టను కదిలిస్తున్నారు కాబట్టి అమ్మ కదిలిందని మరొకరు అన్నారు. ఆ ఇద్దరూ డిగ్రీలు చదివినవాళ్ళే. రెండో మాటను నేను నమ్మను. కాని అందులో ఒక విమర్శ ఉందని గుర్తిస్తాను: అడవిలో జరుగుతున్న పనుల మీద సూటిగా మాట్లాడటానికి వేదిక లేనివాళ్ళు గాథ ద్వారా మాట్లాడతారు. ఏడు వందల ఏళ్ళ నాటిదని చెప్పే కప్పం కథ కూడా ఒకనాడు అలాగే పుట్టి ఉండవచ్చు. అందుకే పురాగాథను ఒడ్డున వదిలేసిన పడవలా, మార్పును ప్రవాహంలా చిత్రించడం తప్పు అంటున్నాను. గాథ మార్పు గురించే మాట్లాడుతున్నది. కరువులో పన్ను ఎవరు కట్టాలి, అడవి ఎవరిది, బయటి నుంచి వచ్చిన అధికారానికి ఎంతవరకు తలవంచాలి అన్నవే దాని ప్రశ్నలు. 1970 నాటి ఒకటో నెంబరు భూబదలాయింపు నిబంధన, 2006 నాటి అటవీహక్కుల చట్టం మాట్లాడేవి కూడా అవే ప్రశ్నలు.

ఈ సందర్భంలో మన కవులను ఊరించే పోలిక ఒకటి ఉంది. 2024 జాతర హుండీలను హనుమకొండకు తరలించి, అక్కడి టీటీడీ కళ్యాణమండపంలో లెక్కించారు. కప్పం కట్టనన్న ఊరి నుంచి సొమ్ము మళ్ళీ ఓరుగల్లు చేరుతున్నదన్న వ్యంగ్యం వెంటనే తడుతుంది. ఒక మినీకవితకు ఇది చాలు. విమర్శకు చాలదు. లెక్క ఎక్కడ జరిగిందన్న దానికన్నా, లెక్కించిన దానిలో పూజారుల వాటా ఎంత, ఊరి తాగునీటికి ఎంత, జాతరకు పొలం వదిలిన రైతుకు ఎంత అని అడగడం ముఖ్యం. వ్యంగ్యం దగ్గర ఆగిపోయే అలవాటు మనల్ని ఆ ప్రశ్నల దాకా పోనివ్వడం లేదు.

గాథలో చోటు లేనివాళ్ళ సంగతి మరొకటి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని హింస నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయలు ఈ అడవుల్లోనే గుడిసెలు వేసుకొని, మన మిరపతోటల్లో కూలి చేస్తున్నారు. మాట్లాడేది కోయకు దగ్గరి భాషే అయినా ఇక్కడ వాళ్ళకు భూమి మీద హక్కు లేదు. గుర్తింపు మీద తగువు తెగలేదు. సమ్మక్క శౌర్యం మీద పుంఖానుపుంఖాలుగా రాసిన మనం, సైన్యాల మధ్య నలిగి అడవి దాటి వచ్చిన ఈ తల్లుల మీద ఎన్ని కథలు రాశాం?

6

ఇది తెలుగు రచయితల ఒక్కరి లోపం అనుకోనక్కరలేదు. గురజాడ కాలం నుంచి మనం గౌరవించే ఇబ్సెన్ దేశం సంగతి చూడండి. నార్వేలో 1840లలో ఆస్బ్యోర్న్‌సెన్, మో అనే ఇద్దరు పల్లెల జానపద గాథలను సేకరించి అచ్చు వేశారు. జాతి అంతా ఆ గాథల్లో తన ముఖం చూసుకొని మురిసిపోయింది. ఇబ్సెన్ అవే గాథలను తీసుకొని 1867లో ‘పీర్ గింట్’ నాటకం రాశాడు. కాని ఆయన మురిసిపోలేదు. కొండల్లోని ట్రోల్ అనే భూతాల కథను తన జాతి స్వయంతృప్తి మీద వ్యంగ్యంగా మలిచాడు. గాథ పల్లెటూరి వింతగా కాక, చదివేవాడిని నిలదీసే సాధనంగా ఎలా పనికొస్తుందో చెప్పడానికి అది మంచి ఉదాహరణ.

అదే నార్వేలో ఉత్తరాన సామి ఆదివాసులున్నారు. జాతి తన పల్లెల గాథలను నెత్తిన పెట్టుకున్న ఆ రోజుల నుంచే ప్రభుత్వ బడులు సామి పిల్లల నోట సామి భాష లేకుండా చేయడానికి పూనుకున్నాయి. దాదాపు వందేళ్ళు ఆ విధానం సాగింది. 1970 ప్రాంతంలో ఆల్టా నది మీద జలవిద్యుత్ పథకం వేసినప్పుడు మాజె అనే సామి పల్లె మునిగే ప్రణాళికలో ఉంది. ఆందోళన తర్వాత పల్లెను వదిలేశారు; 1979–81 మధ్య తీవ్రమైన ప్రతిఘటన జరిగినా ఆనకట్ట మాత్రం కట్టారు. ఆ పోరాటం వృథా పోలేదు. 1989లో సామి ప్రజలకు సొంత పార్లమెంటు ఏర్పడింది. పల్లె గాథలను ప్రేమించడం, పల్లె మనుషుల నోరు మూయడం ఒకే దేశంలో ఒకే కాలంలో సాగగలవని ఈ చరిత్ర చెబుతున్నది.

నేను ఎర్రసిరాతో చేసింది చిన్న ఎత్తున అదే. కోయ ద్రావిడ భాష. మన తెలుగుకు చుట్టం. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు లేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టినప్పుడు కోయ కూడా వాటిలో ఉంది. తెలుగు లిపిలోనే వాచకాలు వచ్చాయి. నా తరగతికి చేరేసరికి ఆ పిల్లలకు కోయ బడి బయటి భాష అయిపోతుంది. వాళ్ళ తెలుగులో మిగిలిన ఆ కొంచెం వాసనను కూడా నాలాంటి ఎం.ఏ. తెలుగు మాస్టారు దిద్ది పారేస్తాడు. తర్వాత ఆ మాస్టారే సాయంత్రం కూర్చొని, అంతరించిపోతున్న కోయ సంస్కృతి మీద వ్యాసం రాస్తాడు.

మా జిల్లాలోని చిన్నగూడూరు దాశరథి సోదరులు పుట్టిన ఊరు. నిజాం కాలంలో బడి భాష ఉర్దూగా ఉన్నప్పుడు ఇంటి భాషకు జరిగిన అవమానం ఎలాంటిదో ఆ తరం రచయితలు అనుభవించి రాశారు. ఆ రచనలను మేం గర్వంగా పాఠం చెబుతాం. ఆ అవమానాన్నే మరొకరికి మనం చేస్తున్నామన్న ఆలోచన పాఠంలో రాదు.

మేడారం మీద ఇకముందు ఏం రాయాలో రచయితలకు నిర్దేశించే అధికారం నాకు లేదు. విమర్శకుడిగా మూడు సూచనలు మాత్రం చేయగలను. మొదటిది, సమ్మక్కను ప్రతీకగా వాడే ముందు ఆమె బంధువుల ఊళ్ళు – పూనుగొండ్ల, కొండాయి, కన్నెపల్లి – తిరిగి చూడాలి. జాతర రోజుల్లో కాక, మిరప కోతల రోజుల్లో. రెండోది, ‘పాత–కొత్త ఘర్షణ’ అన్న సిద్ధాన్నాన్ని వదిలి, కప్పం, దారి, వెదురు, వాగు, కూలి అన్న మాటల మీదుగా కథలోకి వెళ్ళాలి. గాథకూ నేటికీ ఉన్న లంకె వాటి దగ్గరే దొరుకుతుంది. మూడోది అన్నింటికన్నా ముఖ్యం: ఈ వస్తువు మీద రాయవలసినవాళ్ళు రాయడానికి మన పత్రికల్లో చోటు చూపాలి. మన సానుభూతి ఎంత నిజమైనదైనా వాళ్ళ వాక్యానికి బదులు కాలేదు.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నది. మొన్న జాతర దారిలోనే కలిసింది. జరిగింది గుర్తుచేసి, తప్పు నాదేనని చెప్పి, ఆ వ్యాసం మళ్ళీ రాసిస్తే మన పత్రికకు పంపుతానన్నాను. ఆ నోటుపుస్తకం ఎప్పుడో చింపేశానని నవ్వింది. కాసేపు నడిచాక అడిగింది: “తెలుగుల కాదు సారూ, కోయల రాస్తె అచ్చేస్తరా?”

నా దగ్గర జవాబు లేదు. తెలుగు లిపిలో కోయ పాఠం, పక్కన తెలుగు అనువాదం వేయడానికి మనకు అడ్డు ఏమిటో నాకు తెలియదు. సంపాదకవర్గమూ సంఘమూ ఈ ప్రశ్నను చర్చకు తీసుకోవాలని కోరుతున్నాను. వచ్చే జాతర 2028లో. అప్పటికైనా ఆ పిల్లకు జవాబు చెప్పగలిగితే మంచిది.